రెండు పూతల సున్నా

సోమవారం ఉదయం కోడలు ఊడుస్తోంది. నేలను కాదు, గోడను. ఆమె గది గోడల మీది పాత రంగు పొలుసులు కట్టి రోజూ కాస్త కాస్తగా రాలుతుంది. రాలాక ఎత్తిపోయడం కంటే, రాలబోయేదాన్ని ముందే దులిపేస్తే కుట్టే బట్ట మీద పడకుండా ఉంటుందని ఆమె కనిపెట్టింది. రోజుకు చేటెడు గోడ బయటికి పోతోంది.

ఆమె బట్టలు కుడుతుంది. ఇంట్లోవాళ్ళు ఆ పనిని కాలక్షేపం అంటారు. సగం పొయ్యి ఆ కాలక్షేపం మీదే వెలుగుతోందని మాత్రం ఎవరూ అనరు. మర్యాద తెలిసిన కుటుంబం.

మొన్న శనివారం పక్కవీధి బడి హెడ్‌మిస్ట్రెస్ రెండు తెల్లచొక్కాలు వెనక్కి పంపింది. కాలరు మడతలో గోడ పెచ్చులున్నాయి. "శుక్రవారం నేనే వచ్చి చూస్తాను. గది శుభ్రంగా ఉంటే ఈ ఏడాది యూనిఫారాలన్నీ నీవే. లేకపోతే ఏమీ అనుకోకు, వేరే మనిషిని చూసుకుంటాను" అంది. రంగు వేయడానికి రెండు రోజులు చాలు. తేలాల్సిన సంగతి ఒక్కటే: ఎంత రంగు కొనాలి?

కోడలు మెడలోని టేపు తీసి గోడల చుట్టూ ఒకసారి తిరిగింది. చుట్టూ నలభై నాలుగు అడుగులు, ఎత్తు పది. తలుపూ కిటికీ తీసేస్తే సుమారు నాలుగు వందల చదరపు అడుగులు. రెండు పూతలు. లీటరుకు వంద అడుగులు వస్తుందని డబ్బా మీదే రాసి ఉంటుంది. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్కతో గోడ మూల 8 అని వేసింది. ఈలోపు పొయ్యి మీద పాలు పొంగనైనా లేదు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఆమె ఆ అంకెను ఇంట్లో చెప్పింది.

మామగారు తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. శాఖలోనూ విశ్రాంతే తీసుకున్నారని గిట్టనివాళ్ళు అంటారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, కోడలి అజ్ఞానాన్ని దయతో చూశారు.

"అమ్మాయ్, రంగు దేంట్లో అమ్ముతారు?"

"లీటర్లలో మామయ్యా."

"లీటరంటే ఏమిటి? ఘనపరిమాణం. ఘనపరిమాణం కావాలంటే పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ గుణించాలి. నువ్వేమో గోడల్ని లంగాగుడ్డ కొలిచినట్టు కొలిచావు. అడుగుల్లో కొలిచి లీటర్లలో కొంటారటమ్మా ఎక్కడైనా? ఏదీ, ఆ టేపు ఇలా ఇయ్యి."

టేపు చేతులు మారింది. దాంతోపాటు కుట్టు ఆగింది. మిషను మీద సగం కుట్టిన చొక్కా ఒక చేత్తో నిలబడిపోయింది.

పన్నెండు, పది, పది గుణించగా వచ్చినదాన్ని లీటర్లలోకి మారిస్తే ముప్ఫై నాలుగు వేలు తేలింది. ఇంటిల్లిపాదీ వరసగా వచ్చి ఆ అంకెను చూసి వెళ్ళింది. చిన్న గదికి అంత గొప్ప అంకె రావడం వంశానికే గౌరవం. మామగారు దుకాణానికి ఫోన్ చేసి ముప్ఫై నాలుగు వేల లీటర్లు, లేత నీలం, అన్నారు. దుకాణదారు ఫోన్ పెట్టేశాడు. "చిన్న వ్యాపారి, సిగ్గుపడ్డాడు పాపం" అని మామగారు జాలిపడ్డారు.

ఇంత జరిగాక సంఘం వేయక తప్పలేదు. గది వర్ణలేపన అంచనా సంఘానికి మామగారు అధ్యక్షులు, కొడుకు కార్యదర్శి, అల్లుడు సాంకేతిక సలహాదారు. రెండు రోజులుండి వెళ్దామని వచ్చిన ఈ అల్లుడికి రెండేళ్ళుగా బస్సు దొరకడం లేదు. అత్తగారు గౌరవ సభ్యురాలు, అంటే టీ ఆవిడ పెట్టాలి. కోడలికి సభ్యత్వం ఇవ్వలేదు. గది ఆమెది కనుక నిష్పక్షపాతంగా ఉండలేదట.

కార్యదర్శి చదువుకున్నవాడు. రాత్రింబవళ్ళు లెక్కలు చదివి పట్టా తెచ్చుకున్నవాడు. వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "నువ్వు చెప్పిందే కరెక్టు. ఎనిమిదే" అన్నాడు.

"మరి ఆ మాట బయటికెళ్ళి చెప్పొచ్చుగా?"

"నాన్నకెలా చెప్తానే? పెద్దాయన. బాధపడతారు."

"శుక్రవారం ఆవిడొస్తుంది. అప్పుడు నేను బాధపడితే?"

"నువ్వు అర్థం చేసుకుంటావు కదా" అని, ఆమె చేతిలో గ్లాసు తీసుకుని, నీళ్ళు తాగి, వెళ్ళి ముప్ఫై నాలుగు వేలు అని అందంగా రాసి కింద సంతకం పెట్టాడు. ఆ ఇంట్లో తప్పు లెక్కకు వయసు చాలు. ఒప్పు లెక్కకు అనుమతి కావాలి.

మంగళవారం తీసివేతలు మొదలయ్యాయి. "మంచమున్న చోట రంగెలా పడుతుంది మావయ్యా?" అని అల్లుడు లేవనెత్తిన అంశం సభను కుదిపేసింది. మంచం కొలిచి తీసేశారు. బీరువా తీసేశారు. కుట్టుమిషను తీసేశారు. దిండు దగ్గర గొడవొచ్చింది. నొక్కి కొలవాలా, నొక్కకుండానా? నొక్కాలని అల్లుడు, నొక్కితే అది దిండు కాదని మామగారు. "ఎవరి తల ఎంత బరువైతే అంత నొక్కుకుంటుంది, ఇందులో రామాయణమేముంది?" అని అత్తగారన్నారు. అది సభా మర్యాద కాదని ఆవిణ్ణి టీకి పంపించారు. సాయంత్రానికి దిండు తేలలేదు.

ఆ పూట కోడలు టేపు అడిగింది, చొక్కా చెయ్యి ఒకటైనా పూర్తి చేద్దామని. "ఇంటి పని జరుగుతోంటే నీ సొంత పని కావాల్సొచ్చిందా?" అన్నారు మామగారు.

బుధవారం పెయింటరు వచ్చాడు. గుమ్మంలో నిలబడి గదిని ఒక్క చూపు చూసి, "ఎనిమిది లీటర్లండి" అన్నాడు.

"లెక్క చూపించు" అన్నారు అధ్యక్షులు.

"లెక్కేముందండి? ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని. చెయ్యి చెబుతుంది."

"చెయ్యి రంగు వేస్తుంది నాయనా. లెక్క తల వేస్తుంది."

"వెయ్యనివ్వండి సారూ. తల వేసిన లెక్క గోడకి అంటుకుంటే చాలు" అని పెయింటరు బ్రష్షు సంచిలో పెట్టుకున్నాడు. ఇద్దరు వేర్వేరుగా ఎనిమిదే చెప్పడాన్ని సంఘం ఇలా నమోదు చేసింది: చేతిపని వాళ్ళందరూ ఒకేలా పొరబడతారు.

వెళ్తూ పెయింటరు వాకిట్లో కోడలి దగ్గర ఆగాడు. "అమ్మా, మా అక్కా వాళ్ళ ముందుగది ఖాళీగానే ఉంది. పోయిన వారమే సున్నం కొట్టాను. గోడకి చెయ్యి రాసినా అంటదు. చెబుతున్నానంతే." ఆమె తలూపింది. లోపల దిండు మీద చర్చ మళ్ళీ రాజుకుంది.

ఆ దిండు గొడవలోంచే మహత్తర సత్యం పుట్టింది. దిండులో దూది ఎంత, గాలి ఎంత అని వాదిస్తూ అల్లుడు హఠాత్తుగా లేచి నిలబడ్డాడు. "మావయ్యా! గాలికి రంగు వేస్తామా?"

"వెయ్యం."

"మరి గదిలో సామాను తీసేశాక మిగిలిందంతా?"

మిగిలిందంతా గాలే. గాలిని తీసేశారు. మిగిలింది సున్నా. కార్యదర్శి మూడుసార్లు సరిచూశాడు. మూడుసార్లూ సరిగ్గానే వచ్చింది. సంఘం ఏకగ్రీవంగా తీర్మానించినది: సదరు గదికి కావలసిన రంగు సున్నా లీటర్లు, కాబట్టి సదరు గదికి రంగే అక్కర్లేదు, ఇన్నాళ్ళూ అక్కరుందనుకోవడం కోడలి తొందరపాటు.

"అయితే మూల ఆ 8 ఏమిటి?" అని అత్తగారు వేలు చూపించారు.

మామగారు దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు సవరించుకుని, పరవశించిపోయారు. "చూశారా! సున్నా మీద సున్నా. మొదటి పూతకి సున్నా, రెండో పూతకి సున్నా. తెలిసో తెలియకో అమ్మాయి కూడా మన లెక్కే వేసింది. కోడలైతేనేం, తెలివైంది!" అందరూ చప్పట్లు కొట్టారు. కార్యదర్శి కూడా కొట్టాడు, కాస్త మెల్లగా.

గురువారం ఉదయం కోడలు గోడ ఊడవలేదు. మిషను తలను దుప్పట్లో చుట్టింది, బట్టలు మూటకట్టింది. బల్ల మీద తీర్మానానికి బరువుగా పెట్టిన టేపు తీసి మెడలో వేసుకుంది. తీర్మానం ఎగిరి కింద పడింది, దాని మీద కాసిన్ని పెచ్చులు రాలాయి. వాకిట్లో భర్త పేపరు కాస్త దించి చూశాడు. ఏమిటని అడగాలా వద్దా అన్న విషయం సంఘంలో పెట్టాలేమో అనుకున్నట్టున్నాడు, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. మనింట్లో కూడా ఎవరో ఒకరు ఇలాగే పేపరు ఎత్తుకుని ఉంటారు. ఇప్పుడైతే ఈ కథ ఎత్తుకుని.

లోపల్నుంచి మామగారు ఉత్సాహంగా కేకేశారు. "ఒరేయ్, మిషను తీసేసినట్టుందిరా! గదిలో గాలి ఎంత పెరిగిందో కొలవాలి. ఆ టేపు పట్రా!"

టేపు ఆమె మెడలో ఉంది. ఆమె గడప దాటింది.