దర్జీ విప్పిన బట్టలు

నాలుగో అంతస్తులో కాపురముంటున్న దర్జీ, తన ఇంట్లో, తన తలుపు తనే వేసుకుని, ఒంటిమీద నూలుపోగన్నది లేకుండా తిరుగుతున్నట్లు విశ్వసనీయంగా తెలియవచ్చినందున, భవన నివాసుల సంఘం తీవ్ర దిగ్భ్రాంతిని వ్యక్తపరుస్తోందని సోమవారం ఉదయం లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. దిగ్భ్రాంతి కింద నలభై మూడు సంతకాలున్నాయి.

ఈ ఘోరం జనం కంటపడకుండా ఉండే వీలే లేదు. ఎదుటి బ్లాకు డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకుకున్న ఇనుప నిచ్చెన మీద చివరి మెట్టు దాకా వెళ్ళి, ఎడమచేత్తో పైపు పట్టుకుని, కుడివైపుకి ఒంగి, మునివేళ్ళ మీద నిలబడితే చాలు, వంటింటి వెంటిలేటర్‌లోంచి దర్జీ వీపు స్పష్టంగా కనిపిస్తుంది. ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో చూడ్డానికి ఎక్కిన సంఘం కార్యదర్శి దీన్ని మొదట కనిపెట్టాడు. ఆ వారంలో భవనంలో అందరికీ నీళ్ళ మీద హఠాత్తుగా శ్రద్ధ పుట్టింది. మూడో మెట్టు అరిగిపోతే వెల్డింగ్ చేయించారు. చూసినవాళ్ళు ఖండించారు. చూడనివాళ్ళు ఇంకా ఘాటుగా ఖండించారు, వాళ్ళకి వంతు రాలేదు మరి.

చేస్తున్న ఘోరం ఏమిటో దర్జీకి ఒక్కడికే తెలియదు. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా అతను గుడ్డతోనే కాపురం చేస్తాడు. మెళ్ళో టేపు, పెదాల మధ్య గుండుసూదులు, చెవి వెనక సుద్దముక్క, చొక్కా నిండా దారప్పోగులు, పక్కన కుంపటిలా ఇస్త్రీపెట్టె. ఏడింటికి ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, అన్నీ విప్పి కొక్కేనికి తగిలించి, కుర్చీలో కూలబడి ‘అమ్మయ్య’ అంటాడు. ఆ ఒక్క మాట కోసమే రోజంతా బతుకుతాడు. తర్వాత కూరగాయలు తరుగుతాడు, రేడియో వింటాడు, భార్యతో పోట్లాడతాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

భార్య ఈ విషయంలో తటస్థురాలు. “ఉతికేది ఒక జత తగ్గింది. అంతకంటే నాకేం తెలీదు,” అని విచారణ సంఘానికి వాంగ్మూలం ఇచ్చింది. “పోపు పెట్టేటప్పుడు మాత్రం దూరంగా ఉండమంటాను.”

నోటీసు పడ్డాక దర్జీ గొప్పవాడైపోయాడు. దర్జీ ఒంటి మీద ఏమీ లేకపోయేసరికి ఎవరికి తోచింది వాళ్ళు దానికి తొడిగారు. రెండో అంతస్తులోని డాక్టరు అది చర్మవ్యాధికి తొలి లక్షణమన్నాడు. బట్టల కొట్టాయన అది తన వ్యాపారం మీద జరిగిన కుట్ర అన్నాడు. కాలేజీలో సమాజశాస్త్రం చెప్పే లెక్చరరమ్మ పుస్తకం, పెన్నూ పట్టుకుని కొట్టుకే వచ్చేసింది.

“మీది గొప్ప నిరసనండీ! ఇంతకీ దేని మీద?”

“ఉక్క మీదమ్మా,” అన్నాడు దర్జీ.

ఆమె ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది. తర్వాత వ్యాసంలో మాత్రం ‘మార్కెట్ వ్యవస్థ మీద’ అని రాసుకుంది.

ఇంతవరకూ నవ్వులాటే. బుధవారం రెండో నోటీసు పడింది. దర్జీ ఉంటున్న ఇల్లూ, కింద కుట్టుకునే కొట్టూ రెండూ సంఘానివే. ఆదివారం సర్వసభ్య సమావేశంలో మూడింట రెండొంతుల మంది చెయ్యెత్తితే, ‘సదరు వ్యక్తిని వారంలోగా కట్టుబట్టలతో బయటకు పంపవలెను’ అని అందులో ఉంది. సదరు వ్యక్తి బట్టలు కట్టుకుంటే గొడవే లేదు కదా అని ఎవరికీ తోచలేదు.

దర్జీకి ఆ సాయంత్రం ‘అమ్మయ్య’ రాలేదు. కుట్టుమిషను ఎక్కడికైనా మోసుకెళ్ళచ్చు. ఇరవై రెండేళ్ళ గిరాకీని ఏ బండి మీద వేసుకెళ్తాడు?

“మీ పుస్తకం ఉందిగా,” అంది భార్య, చప్పుడు చెయ్యకుండా పళ్ళెం కింద పెట్టి. “అది తీసుకెళ్ళి రెండు పేజీలు చదవండి. అందరి నోళ్ళూ ఠక్కున మూతపడతాయి.”

దర్జీ ఉలిక్కిపడ్డాడు. “ఛ! ఏం మాటే అది? అది వాళ్ళ ఒళ్ళు. నా సొత్తు కాదు.”

ఆ పుస్తకం సంగతి ఇక్కడ చెప్పాలి. పని నేర్పిన గురువు దర్జీకి మొదటి రోజే ఒక సూత్రం చెప్పాడు: కొలతలు రెండు రకాలురా, నోటి కొలత, పుస్తకం కొలత. మనిషి నడుము చుట్టూ టేపు వేసినప్పుడు అది నలభై నాలుగంటే, పైకి ‘ముప్ఫై ఆరు’ అనాలి. పుస్తకంలో మాత్రం రెండూ రాసుకుని, నలభై నాలుగుకే కుట్టాలి. నోటి కొలతకి మనిషి సంతోషిస్తాడు, పుస్తకం కొలతకి గుండీ పడుతుంది. రెండూ ఉంటేనే గిరాకీ మళ్ళీ గడప తొక్కుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ భవనమంతా నోటి కొలత నమ్ముకుని సుఖంగా ఉంది. నడిమంత్రపు పొట్టలన్నీ దర్జీ కుట్టిన లోపలి పట్టీల్లో హాయిగా నిద్రపోతున్నాయి.

ఆదివారం హాలు నిండిపోయింది. దర్జీ కుట్టిన కోట్లు, దర్జీ కుట్టిన జాకెట్లు వేసుకుని దర్జీని వెళ్ళగొట్టడానికి అందరూ వచ్చారు. కాలేజీ ప్రిన్సిపాలుగా రిటైరైన సంఘం అధ్యక్షుడు మైకు ముందు నిలబడి ఛాతీ విరిచాడు.

“సభ్యులారా! మనిషికీ పశువుకీ తేడా బట్ట! నాగరికతకి మొదటి మెట్టు గుండీ! మన భవనంలో దాపరికం అనేదే ఉండకూడదు. తలుపు వెనక ఒకటి, తలుపు ముందు ఒకటి, ఇది మన సంస్కృతి కాదు!”

ఈ మాటతో నిచ్చెనెక్కినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

అప్పుడు కార్యదర్శి లేచాడు. సాక్ష్యం కోసం కొట్టు సోదా చేసి, తాళం వేసిన సొరుగులో దొరికిన పుస్తకం ఒకటి స్వాధీనం చేసుకున్నట్లు ప్రకటించాడు. నిండా అసభ్యపు బొమ్మలుంటాయని అతని నమ్మకం.

దర్జీ లేచి చేతులు జోడించాడు. “సార్, అది తెరవకండి. కావాలంటే ఇవాళే ఇల్లు ఖాళీ చేస్తాను. అందులో నా గురించి ఏమీ లేదు.”

“భయపడుతున్నాడు!” అన్నాడు అధ్యక్షుడు ఆనందంగా. “చదవవయ్యా, గట్టిగా చదువు!”

కార్యదర్శి గొంతు సవరించుకుని, కళ్ళతో చూసింది బుర్రకెక్కే లోపే నోటితో చదివేశాడు. “ఫ్లాట్ నూటొకటి. నడుము నోటి కొలత ముప్ఫై ఆరు, పుస్తకం కొలత నలభై నాలుగు. ఎడమ భుజం అంగుళం పల్లం, దూది పెట్టాలి. ఛాతీ లేదు, కాన్వాసు రెండు పొరలు వెయ్యాలి.”

నూటొకటి అధ్యక్షుడిది.

అధ్యక్షుడి చెయ్యి తనంతట తనే ఎడమ భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చూస్తుండగానే పదిహేను చేతులు పదిహేను భుజాల మీదికి వెళ్ళాయి.

ఇక్కడ కార్యదర్శి పుస్తకం మూసెయ్యబోయాడు. మూసేస్తే కథ ఇంతటితో అయిపోయేది. కానీ పెద్దమనిషి ఒంటరిగా పరువు పోగొట్టుకుంటాడా?

“ఆపుతావేం?” అని అరిచాడు అధ్యక్షుడు. “నాదొక్కటే ఎందుకు? నూటరెండు చదువు!”

నూటరెండు బట్టల కొట్టాయన. ఆయనది అయిపోగానే ఎర్రగా లేచి, “పక్కవాళ్ళకేమన్నా మినహాయింపా? చదవాల్సిందే!” అన్నాడు. చదివిన ప్రతి ఇల్లూ పక్కింటిది చదివించింది. ప్రజాస్వామ్యం అంటే ఇదే. డాక్టరు వంతు వచ్చింది. నడుము తగ్గించుకోవడం ఎలా అని ఏటా ఉపన్యాసం ఇచ్చే మనిషి. పుస్తకంలో, ‘మూడుసార్లు కుట్లు విప్పి వెడల్పు చేశాను. పాత సైజు చీటీ మళ్ళీ అదే చోట కుట్టాను. ఆయన అడగలేదు, అదోలా చూశాడు,’ అని ఉంది. డాక్టరు భార్య కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆపుకోలేక.

రెండొందల నాలుగు రాగానే కార్యదర్శి రెండు పేజీలు కలిపి తిప్పాడు. హాలంతా గొల్లుమంది. అధ్యక్షుడు పుస్తకం లాక్కుని స్వయంగా చదివాడు. “బూటు లోపల రెండంగుళాల చెక్క. ప్యాంటు అంచు దాన్ని కప్పేలా కింద దాకా దింపాలి.” కార్యదర్శి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నా పెద్ద తేడా తెలియలేదు.

గంటన్నర గడిచేసరికి ఆ హాల్లో దాపరికం లేకుండా పోయింది, అధ్యక్షుడు కోరుకున్నట్టే. నలభై మూడు ఇళ్ళవాళ్ళు నిండా బట్టలు కట్టుకుని దిసమొలతో కూర్చున్నారు. హాలు మొత్తం మీద ఒంటి మీద ఏదో ఉన్నట్టు కనిపించినవాడు దర్జీ ఒక్కడే. అతని పేజీ ఆ పుస్తకంలో లేదు.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. దర్జీ తన ఇంట్లో బట్టల్లేకుండా తిరగడాన్ని సంఘం పెద్దమనసుతో క్షమించింది. గౌరవనీయులైన నివాసులను బహిరంగంగా వివస్త్రులను చేసినందుకు మాత్రం వారంలోగా వెళ్ళిపొమ్మంది.

“చదివింది మీరే కదండీ!” అంది దర్జీ భార్య లేచి.

“రాసింది ఆయనే కదమ్మా,” అన్నాడు అధ్యక్షుడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళు అంత మర్యాదగానే మాట్లాడతారు.

దర్జీ మిషను, కత్తెరలు, భార్య, రేడియోతో ఊరి అవతల ఒక వీధిలోకి మారిపోయాడు. ఆ కొట్లోకి కొత్త దర్జీ వచ్చాడు. కుర్రవాడు కాదు, అనుభవమున్నవాడే, ఎటొచ్చీ నిజాయితీపరుడు. టేపు తియ్యబోతే అధ్యక్షుడు వెనక్కి జరిగి, “కొలవక్కర్లేదయ్యా, నాకు తెలుసు. ముప్ఫై ఆరు,” అన్నాడు. అందరూ అలాగే చెప్పారు. పాపం అతను, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కుట్టాడు.

ఇప్పుడా భవనంలో అందరూ ముప్ఫై ఆరే. ఊపిరి బిగపట్టి మెట్లు దిగుతారు, ఊపిరి బిగపట్టి ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకుంటారు. బిగపట్టలేనివాళ్ళు ఆఫీసుకి సెలవు పెడతారు. సాయంత్రం ఇంటికి రాగానే తలుపు గడియ పడుతుంది, గుండీలు టపటపా తెగుతాయి. బిగుతు బట్టలు ఊడదీసి అందరూ కుర్చీల్లో కూలబడి ‘అమ్మయ్య’ అంటారు. మళ్ళీ అందులో దూరే ఓపిక ఎవరికీ ఉండదు. పొద్దుటిదాకా అలాగే తిరుగుతారు.

మొన్న, కొట్లో మరిచిపోయిన ఇస్త్రీబల్ల కోసం దర్జీ దంపతులు ఆ వీధికి వెళ్ళారు. ఏడున్నర. భార్య తలెత్తి చూసింది. నలభై మూడు ఇళ్ళ కిటికీలకీ మందపాటి కొత్త తెరలు. వెంటిలేటర్లకి అట్టముక్కలు. నీళ్ళ ట్యాంకు నిచ్చెనకి తాళం.

“ఏవండీ, ఇంత ఉక్కలో ఒక్క కిటికీ తెరవరేంటి?”

నలభై మూడు ‘అమ్మయ్య’లూ తెరల వెనక నుంచి సన్నగా వినిపిస్తున్నాయి. దర్జీ వాటిని విన్నాడు. పుస్తకంలో రాసుకోలేదు.

“మర్యాదస్తులే. చలేస్తుందేమో,” అన్నాడు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. క్రితంసారి దర్జీ మీ నడుముకి టేపు చుట్టి పైకి ఒక అంకె చెప్పాడు, గుర్తుందా? మీరు ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ళకి చెప్పుకున్నారు కూడా. ఆ క్షణంలో అతను తలొంచుకుని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఎదురింటి ట్యాంకు నిచ్చెన మీద మునివేళ్ళతో నిలబడిన మీరు, బల్ల మీద జానెడు దూరంలో ఉన్న ఆ పుస్తకంలోకి ఒక్కసారైనా తొంగిచూశారా?