తలుపు అవతల తొమ్మిది దేశాలు

చేతిపనులు నేర్పే పద్ధతులను తొమ్మిది దేశాల్లో కళ్లారా పోల్చి చూశామనీ, ఇక మనం వెనక్కి తిరిగి చూడబోమనీ మంత్రిగారు ఉదయం పది గంటలకు ప్రకటించారు. పదిన్నరకు సమావేశపు గది తలుపు బిగుసుకుపోయింది. మంత్రిగారూ, ఆయన వెంట ఆ దేశాలు తిరిగొచ్చిన కమిటీవాళ్లూ లోపల ఉండిపోయారు.

బయట వరండాలో ఫిట్టర్ మాస్టారు ఒక్కరే ఉన్నారు. శిక్షణ కేంద్రంలో ఆయన ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న ఫిట్టర్ విభాగాన్ని ఎత్తేసే ఫైలు మీద సంతకం ఆ రోజే. అది పడేలోపు ఒక్క మాట చెప్పుకుందామని అర్జీ పట్టుకుని వచ్చారు.

"బయట ఎవరయ్యా?"

"ఫిట్టర్ మాస్టార్నండీ. సుత్తి సంచిలోనే ఉంది. తలుపు తీసెయ్యమంటారా?"

"ఆగాగు," అన్నారు లోపలి నుంచి కార్యదర్శిగారు. "మూడో దేశంలో తలుపు మీద చెయ్యి వెయ్యాలంటే మూడేళ్లు ఫ్యాక్టరీలో నేర్చుకోవాలి. నువ్వు నేర్చుకున్నావా?"

"లేదండీ. మా నాన్న దగ్గర..."

"అయిదో దేశంలో ముందు బడి, ఆ తర్వాతే పని," అంది ఇంకో గొంతు.

"మరి ఏడో దేశంలో?" అడిగారు మంత్రిగారు.

"అక్కడ వానండీ. మనం హోటల్ దాటలేదు."

ఏ దేశం పద్ధతిలో తలుపు తీయించాలో తేల్చడానికి లోపలే ఒక ఉపసంఘం ఏర్పడింది. ఇంతలో కరెంటు పోయింది. గాలి తగ్గేకొద్దీ పరిశీలన లోతుగా సాగింది. గంటన్నరకు మంత్రిగారు తలుపు మీద దబదబా బాదారు.

"నాయనా, ఏ దేశమైతే నాకేంటి, ముందు తియ్యి!"

మాస్టారు బందుల్లోని మూడు పిన్నులు కొట్టి ఊడదీసి, తలుపును గోడకు ఆనించారు. నాలుగు నిమిషాలు పట్టింది.

మంత్రిగారు ఆయన్ను కావలించుకున్నారు. "ఏం కావాలో కోరుకో!"

"మా విభాగం ఎత్తెయ్యకండి సార్. పిల్లలు సగం పనే నేర్చుకున్నారు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే ఫైలు తెప్పించి, 'ఎత్తివేయాలి' అన్న మాట కొట్టేసి, స్వహస్తాలతో రాసి ఇచ్చారు. మాస్టారు అందుకుని చదివారు.

"ఇంతటి నిపుణుణ్ణి మూడేళ్లపాటు తొమ్మిది దేశాలకు పంపి శిక్షణ ఇప్పించాలి. ఆయన తిరిగి వచ్చేవరకు విభాగాన్ని మూసి ఉంచాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. కార్యదర్శిగారు ఆయన భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"మాస్టారూ, వెళ్లేముందు ఆ విభాగానికి గట్టి తాళం ఒకటి మీరే బిగించి పోండి. ఆ పని తెలిసినవాళ్లు మనకింకెవరున్నారు చెప్పండి?"