సుంకం కట్టిన ఇందుమతి

విదేశీ సరుకు కింద సుంకం కట్టి ఇంటికి తెచ్చుకున్న ఇందుమతిని షోకేసులో ఏ అరలో పెట్టాలన్న దాని మీద ఆమె భర్త పార్థసారథికీ, అత్తగారు సీతారత్నానికీ మొదటిరోజే మాటా మాటా పెరిగింది. వచ్చినవాళ్ళ కంట పడాలంటే పై అరే సరైనదని అతను అన్నాడు. అక్కడ తన పెళ్ళినాటి టీ సెట్టు ఉందనీ, ఇంతవరకూ ఎవరి పెదవీ తగలని ఆ కప్పులను కదిపితే ఊరుకోననీ ఆవిడ అంది. చివరికి మధ్య అర పలక తీసేసి, కింద పీట వేశారు. తలుపు సందులోంచి గాలి వస్తోందని, ఇందుమతికీ అదే నచ్చింది.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. పార్థసారథి రూల్సు చదువుకునే భార్యతో వారం రోజుల విదేశయాత్రకు ప్రయాణమయ్యాడు. ఆ దేశంలో ఏది కొన్నా ధరలో అమ్మకం పన్ను కలిసే ఉంటుంది. కొన్నదాన్ని వాడకుండా దేశం దాటిస్తే, విమానాశ్రయంలో బిల్లు చూపించి పన్ను వెనక్కి తీసుకోవచ్చు. అక్కడి చలికి ఇందుమతికి కోటు కొనక తప్పలేదు. లేబులు తెంపకపోతే వాడినట్టు కాదని పార్థసారథి అభిప్రాయం. ఆమె వారమంతా ఆ లేబులును మెడ వెనక దోపుకుని తిరిగింది.

వచ్చేటప్పుడు కౌంటరులో అమ్మాయి లేబులు మీద మిషను పెట్టగానే, కోటూ ఇందుమతీ కలిపి ఒకే వస్తువుగా నమోదయ్యారు. వాడారా అని ఆ అమ్మాయి అడిగింది. వారం రోజులుగా ఇందుమతి వంట చెయ్యలేదు, గిన్నె తోమలేదు, ఎవరికీ మంచినీళ్ళు అందించలేదు. లేదని పార్థసారథి నిజమే చెప్పాడు. పన్ను వాపసు వచ్చింది.

మన విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి ఆ పన్ను వాపసు కాగితం చదివాడు. సుంకం లేకుండా తెచ్చుకోదగ్గ పరిమితి సెంటుసీసాలకూ చాక్లెట్లకే సరిపోయిందనీ, ఇందుమతికి విడిగా కట్టాలనీ చెప్పాడు.

“మా ఆవిడండీ. ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళాను.”

“వెళ్ళేటప్పుడు ఇక్కడి వస్తువేనని రాయించారా?”

పార్థసారథి తన తల్లి ఇచ్చిన బంగారు గాజుల్ని రాయించాడు. భార్యను రాయించాలని తోచలేదు. పాస్‌పోర్టు చూపించాడు. అది ఆవిడ ఎవరో చెబుతుంది గాని, ఎవరిదో చెప్పదని అధికారి తిరిగి ఇచ్చేశాడు. ఇంట్లో వాడిన సామానైతే సుంకం ఉండదు, రుజువుంటే చూపమన్నాడు. ఇల్లు, గ్యాసు, కరెంటు మీటరు, ఏదీ ఆమె పేరున లేదు. ఇన్నేళ్ళు వండినదానికి ఎవరూ రశీదు ఇవ్వలేదు. చివరికి అధికారి ఇందుమతినే అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించింది.

“కాగితంలో ఎలా ఉంటే అలాగే రాసుకోండి,” అంది.

ఆ ఇంట్లో విదేశీ వస్తువును వాడే అలవాటు లేదు. సుంకం కట్టినదాన్ని వంటింట్లో మసి పట్టించడానికి ఎవరికీ మనసొప్పలేదు. డిగ్రీ చదివే కూతురు లాస్య వారం వారం అద్దాలు తుడిచేది. వేళ తప్పితే వస్తువు పాడవుతుందని ఇందుమతికే ముందు భోజనం పెట్టేవారు. చుట్టాలు వచ్చి, ఎంత నాజూగ్గా ఉందో అని మెచ్చుకుని, ముట్టుకోవచ్చా అని అడిగేవారు. ఆమె లోపల వారపత్రికలు చదువుకునేది.

వంట సీతారత్నం మీద పడింది. ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. ఏడాది దాటిన విదేశీ వస్తువు పాతబడినట్టే లెక్కని పార్థసారథి ఎక్కడో విన్నాడు. ఆదివారం భోజనాల దగ్గర ఆ సంగతి ఎత్తాడు.

“దసరాకి ఇందుని బయటికి తీసి వాడేసుకుందామమ్మా. నీకూ సుఖంగా ఉంటుంది.”

షోకేసులో ఇందుమతి పత్రిక మూసేసింది.

సీతారత్నం కొడుక్కి పప్పు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, ఎన్నడూ లేనిది వాళ్ళతో పాటే కూర్చుంది.

“దాన్ని కదపకురా,” అంది. “వేసవిలో నన్నూ ఆ దేశం తీసుకెళ్ళు. ఓ కోటు కొను. వెళ్ళేటప్పుడు మాత్రం నా పేరు ఎక్కడా రాయించకు.”

అక్కడ పన్ను ఈమధ్య పెరిగిందనీ, వాపసు కూడా బాగానే వస్తుందనీ పార్థసారథి ఒప్పుకున్నాడు. పై అర ఖాళీ చేసి టీ సెట్టును అటక మీదికి ఎక్కించడానికి సీతారత్నం తనంతట తనే సరేనంది. ఇందుమతి మళ్ళీ పత్రిక తెరిచింది.

అప్పటికి కంచాల్లో పెరుగన్నం వంతు వచ్చింది. పెరుగు వంటింట్లో ఉండిపోయింది. పార్థసారథీ, సీతారత్నం లాస్య వైపు చూశారు. అద్దం వెనకనుంచి ఇందుమతి కూడా చూసింది.

లాస్య లేచి పెరుగు తెచ్చింది.