పదిహేడో వరసలో ప్రయాణికుడు

ఆ ఉదయం పర్సరు వేసుకున్న పథకం చాలా చిన్నది. వారానికోసారి లాగే ఆగి ఉన్న విమానాల తలుపులు తీసి, కుళాయిలు తిప్పి, దీపాలు ఓసారి వెలిగించి ఆర్పి, మధ్యాహ్నానికల్లా ఇంటికి పోవాలి. భార్యతో కలిసి ఒక చిన్న అద్దె ఇల్లు చూసి రావాలి. జీతం సగమయ్యాక ఇప్పుడున్న ఇంటి అద్దె మోయలేని బరువైపోయింది. కొత్త ఇంటాయన మొండిమనిషి. ఆలస్యమైతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ముందే తెగేసి చెప్పాడు.

పర్సరంటే విమానంలో ప్రయాణికుల బాగోగులు చూసే సిబ్బందికి పెద్ద. మనవాడు ఏళ్ల తరబడి మేఘాల మీద నిలబడి కాఫీ పోసిన మనిషి. వ్యాపారాలు చితికిపోయి జనం ప్రయాణాలు మానుకునేసరికి సంస్థ మొదట భోజనం తీసేసింది. తర్వాత దుప్పట్లు తీసేసింది. ఆ తర్వాత ఊళ్లు తీసేసింది. నిన్నటిదాకా విమానం వెళ్లిన ఊరు మర్నాటికి బోర్డు మీద ఉండేది కాదు. ఊళ్లు అయిపోయాక మనుషుల వంతు వచ్చింది. ఈ కోతలన్నీ కోసినవాడు ఖర్చుల అధికారి. ఆయన పేరు అందరూ మర్చిపోయారు. 'కత్తెర' అంటే చాలు, చిన్నపిల్లలు బూచాడి మాట విన్నట్టు సిబ్బంది నోళ్లు మూతపడేవి. పర్సరును గాల్లోంచి నేలకు దింపి, ఆగిన విమానాలకు కాపలా పెట్టింది కూడా ఆయనే.

పర్సరు భార్య అదే విమానాశ్రయంలో అనౌన్సరు. మొదటి కోతలోనే ఆమె ఉద్యోగం పోయింది. గొంతు మాత్రం పోలేదు. పంపించే ముందు ఆమె చేత ఊళ్ల పేర్లూ, అంకెలూ, 'దయచేసి', 'చింతిస్తున్నాము' లాంటి మాటలూ విడివిడిగా చెప్పించి రికార్డు చేసుకున్నారు. ఇప్పుడు యంత్రం ఆ ముక్కల్ని అతికించుకుని తనంతట తానే మాట్లాడుతుంది. ఉద్యోగం పోయినప్పటి నుంచి ఆమె ఇంట్లో నోరు విప్పడం తగ్గించేసింది. భార్య గొంతు తనివితీరా వినాలంటే పర్సరు డ్యూటీకి రావలసిందే.

ఆ రోజు మంచు దట్టంగా పట్టింది. మైదానం చివర విమానాలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. ఇంజన్లకు ఎర్రగుడ్డ ముసుగులు, కిటికీలకు లోపలినుంచి తెరలు. కళ్లకు గంతలు కట్టి గోడవార నిలబెట్టిన మనుషుల్లా కనిపించాయి. ఎక్కడో దూరంగా, మూసేసిన హాల్లోని స్పీకరు నుంచి, ఎవరూ లేని కుర్చీలకు ఆయన భార్య క్షమాపణలు చెబుతోంది.

పర్సరు మొదటి విమానం మెట్లెక్కి తలుపు తీశాడు. లోపల చల్లటి చీకటి. అలవాటు ప్రకారం చొక్కా సర్దుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా చిన్నగా నవ్వి, కరెంటు మీట నొక్కాడు.

'టింగ్' మని గంట మోగింది.

పదిహేడో వరస పైన చిన్న దీపం వెలిగింది. ప్రయాణికుడు పిలిచినప్పుడు వెలిగే దీపం అది. ఇన్నేళ్ల అలవాటు మనిషిని ఊరుకోనివ్వదు కదా. "వస్తున్నానండీ" అనేశాడు పర్సరు. అన్నాక గాని ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి చూశాడు. సీట్లో ఎవరూ లేరు. కిటికీ పక్కన ఒక దుప్పటి ఉంది, సంస్థ ఎప్పుడో తీసేసిన రకం. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది. పక్కన కాగితం కప్పులో సగం తాగిన నీళ్లున్నాయి. అవి ఇంకా కొద్దిగా ఊగుతున్నాయి.

అప్పుడే వెనకవైపు టాయిలెట్ తలుపు మీది ఆకుపచ్చ గుర్తు, ఆయన చూస్తుండగానే, టక్కున ఎర్రగా మారింది.

"ఎవరది?" అన్నాడు పర్సరు. అన్నది ఆయనకే వినిపించలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అడిగాడు. "లోపల ఎవరండీ?"

కాసేపటికి లోపల ఎవరో చాలా నెమ్మదిగా నిట్టూర్చారు.

పర్సరు మెట్లు దిగలేదు, రాలాడు. కింద నిలబడి కంట్రోలు రూముకు ఫోన్ చేశాడు. అక్కడ ఒకప్పుడు గదినిండా మనుషులుండేవారు. ఇప్పుడు ఒకే ఒక్క ఆవిడ మిగిలింది. అందరూ ఆమెను కంట్రోలమ్మ అంటారు. బల్లమీద ఫోన్లు వరసగా పెట్టుకుని అన్ని శాఖలూ ఆవిడే నడుపుతోంది.

"కంట్రోల్, చెప్పండి."

"అమ్మా, నేను పర్సర్ని. మొదటి విమానంలో, పదిహేడో వరసలో, ప్యాసింజరున్నాడు!"

"ప్యాసింజరు ఒకరు, పదిహేడో వరస. ఎంటర్ చేశాను. ఇంకా?"

"ఇంకానా? ఎంటర్ చెయ్యడం కాదమ్మా, ఆ విమానం ఎక్కడికీ వెళ్లడం లేదు! లోపల మనిషో, ఇంకేదో ఉంది!"

"అయితే సెక్యూరిటీకి చెప్పాలి. ఉండండి, కలుపుతాను." ఫోన్లో కాసేపు పాట వచ్చింది. "సెక్యూరిటీ, చెప్పండి."

"మీరేగా ఇందాక మాట్లాడింది?"

"ఇందాక కంట్రోలండీ. ఇప్పుడు సెక్యూరిటీ. విషయం మొదటినుంచి చెప్పండి."

పర్సరు మొదటినుంచి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, సెక్యూరిటీలో మనుషుల్ని తీసేశారనీ, గేటు దగ్గరున్న ఒక్కడూ కదలకూడదనీ, కావాలంటే ఫిర్యాదుల విభాగానికి కలుపుతాననీ అంది. ఫిర్యాదుల విభాగంలో ఎవరు ఎత్తుతారో పర్సరుకు అడగాల్సిన అవసరం కనిపించలేదు.

ఈలోపు కంట్రోలమ్మ ఎంటర్ చేసిన ఆ ఒక్క ముక్క తన పని తాను చేసుకుపోతోంది. తీసేసిన మనుషుల బదులు సంస్థ ఒక కంప్యూటరును కొంది. తలుపు తెరుచుకుంది, కరెంటు వచ్చింది, లోపల ప్రయాణికుడున్నాడు. అంటే విమానం బయలుదేరుతోందన్నమాట. దానికి అంతకుమించి తర్కం తెలియదు. ఆ విమానం ఆఖరుసారి వెళ్లిన కొండ ఊరి పేరును తిరిగి బోర్డు మీదికి తెచ్చింది. ఇంటి దగ్గర జీతం లేని సెలవులో కూర్చున్న సిబ్బందికి డ్యూటీకి రమ్మని మెసేజులు కొట్టింది. ఆ తర్వాత స్పీకరు గొంతు సవరించుకుంది.

"కొండ ఊరికి వెళ్లే ప్రయాణికులు... దయచేసి... విమానం వద్దకు... రావలసిందిగా... కోరుతున్నాము."

మంచులోంచి తేలివచ్చిన ఆ మాటలు విని పర్సరు తలెత్తి చూశాడు. ఆ ఊరికి విమానం ఆగిపోయి ఎంతో కాలమైంది. భార్య గొంతు చచ్చిపోయిన విమానాన్ని పేరు పెట్టి పిలుస్తున్నట్టనిపించింది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

"ఏమండీ, ఎక్కడున్నారు? ఇంటాయన రెండుసార్లు ఫోన్ చేశాడు" అంది భార్య చెవిలో.

"ఆలస్యమునకు... చింతిస్తున్నాము" అంది భార్య ఆకాశంలో.

"ఎవరండీ ఆ మాట్లాడేది?"

"నువ్వే" అన్నాడు పర్సరు నీరసంగా.

"నేనా? అంత మెత్తగానా? ... ఏమండీ, మీ గొంతు అలా వణుకుతోందేం?"

"లోపల దయ్యం ఉందే."

"పట్టపగలు దయ్యమేమిటి? ఉన్నా మీ దగ్గరేముందని పట్టుకుంటుంది? నేనొచ్చేస్తున్నా, కదలకండి" అని ఫోన్ పెట్టేసింది. నెలల తర్వాత ఆమె అంత సేపు మాట్లాడడం. భయంలో కూడా పర్సరుకు ఆ సంగతి తట్టింది.

కదలమన్నా కదిలే ఓపిక ఆయనకు లేదు. ఎదురుగా మంచులో ఏవో నీడలు కదులుతున్నాయి. మొదట ఒకటి. దాని వెనక ఇంకొన్ని. పెట్టెల చక్రాల చప్పుడు వినిపించింది గాని మాటలు వినిపించలేదు. ప్రయాణికులను తెచ్చే బస్సులను ఎప్పుడో తీసేశారు కాబట్టి వాళ్లు నడిచే వస్తున్నారు. కొండ ఊరి పక్క ఊరికి వెళ్లే విమానం వేకువజామున రద్దయి, తెరిచి ఉన్న పక్క హాల్లో పొద్దుటినుంచి పడిగాపులు పడ్డవాళ్లు వాళ్లంతా. మాట్లాడే శక్తి ఎప్పుడో అయిపోయింది. నిద్రలో నడిచేవాళ్లలా వచ్చి, పర్సరు మొహం కూడా చూడకుండా, మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయారు.

"అయ్యా, ఆగండి! ఇది వెళ్లదండీ! లోపల..." అన్నాడు పర్సరు.

"పిలిచారుగా బాబూ" అంది ఒక ముసలావిడ, స్పీకరు వైపు చెయ్యి చూపిస్తూ. "ఆ అమ్మాయి అబద్ధం చెప్పదు. ఎంత మర్యాదగా పిలిచిందో!"

పెళ్లాన్ని అబద్ధాలకోరని పరాయివాళ్ల ముందు అనలేక పర్సరు పక్కకు తప్పుకున్నాడు.

ప్రయాణికుల వెనకే కెప్టెన్ వచ్చాడు. ఇస్త్రీ మడతలు చెదరని యూనిఫాం, నెత్తిన టోపీ. కిందికి చూస్తే ఇంట్లో వేసుకునే చెప్పులు. ఆయన వెనక కో పైలటు, ఎయిర్ హోస్టెస్‌లు. సంస్థ ఇంటికి పంపినవాళ్లంతా మంచులోంచి ఒక్కొక్కరే ఊడిపడుతుంటే పర్సరుకు తనూ బతికే ఉన్నాడో లేదోనన్న అనుమానం వచ్చి, మెల్లగా చెయ్యి గిల్లుకున్నాడు.

"ఏమోయ్, మెసేజ్ వచ్చింది. నిజమేనా?" అన్నాడు కెప్టెన్.

"కాదు సార్. పొరపాటు. మొత్తం నా పొరపాటే."

కెప్టెన్ నిండిపోయిన విమానాన్ని చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "ఇంజన్లు పదిరోజుల కిందే తిప్పి చూశారు. ముసుగులు తీసి మెకానిక్ సరే అంటే ఇది ఎగురుతుంది. ఇంధనం ఉంటే చాలు. అడుగు చూద్దాం."

పర్సరు కంట్రోలమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ ఇంధనం విభాగానికి కలిపి, తనే ఎత్తింది. "ఇంధనానికి కత్తెర సారు ఊ అనాలండీ. ఆయన వారం నుంచి ఎవరికీ దొరకడం లేదు. మనిషి మాయమైపోయాడు."

ఇక దిగిపొమ్మని అందరికీ చెప్పక తప్పదు. ఆ చెప్పేవాడి ఉద్యోగం సాయంత్రానికి ఉండదు. అంతమందిని ఆశపెట్టి దింపేసినవాడిని ఏ సంస్థా ఉంచుకోదు. పర్సరు కెప్టెన్‌తో కలిసి విమానమెక్కి గోడమీది మైకు అందుకోబోతుంటే ముసలావిడ వచ్చి చొక్కా లాగింది.

"బాబూ, వెనక టాయిలెట్లో ఎవరో ఉన్నారు. ఎంత కొట్టినా తియ్యడం లేదు. లోపల ఏడుస్తున్నట్టుంది."

వరసవరసనా తలలు వెనక్కి తిరిగాయి. కెప్టెన్ చెప్పుల్లో పాదాలు ముడుచుకున్నాడు. పర్సరు ఒక్కడే వెళ్లాడు. ప్రయాణికుల ముందు భయపడకూడదని ఉద్యోగంలో చేరిన రోజున నేర్పారు, ఆ ఒక్కటే ఆయన్ని నడిపించింది. తలుపు మీద మెల్లగా తట్టి, గాల్లో ఉన్నప్పుడు ఎలా అడిగేవాడో అలాగే అడిగాడు.

"ఒంట్లో బాగాలేదా అండీ? మంచినీళ్లు తెమ్మంటారా?"

ఎర్ర గుర్తు ఆకుపచ్చగా మారింది. తలుపు తెరుచుకుంది. మెడకు టై, ఒక చేతిలో బ్రీఫ్‌కేసు, ఇంకో చేతిలో క్యారేజీ పట్టుకుని, ఉబ్బిన కళ్లతో కత్తెర నిలబడి ఉన్నాడు.

పర్సరు అరవబోయాడు. కత్తెర ఆయన్ని లోపలికి లాగి తలుపు వేసేశాడు. ఆ గదిలో ఒక మనిషికే చోటు లేదు, అదీ ఈయన పుణ్యమే. సీట్లు ఇంకొన్ని ఇరికించడానికి టాయిలెట్లను కుదించింది ఈయనే.

"అరవకు" అన్నాడు కత్తెర. "నన్ను తీసేశారయ్యా. పైఅంతస్తులో ఒక పెద్ద ఉద్యోగం దండగని నేనే చెప్పాను. పక్కగది వాడిని తీస్తారనుకున్నా. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. పొద్దున్నే టై కట్టుకుని బయల్దేరాలిగా, ఎక్కడికెళ్లను? ఇక్కడైతే వారానికోసారి తప్ప ఎవరూ రారనుకున్నాను. నిద్రలో మోచెయ్యి బటన్‌కు తగిలినట్టుంది."

ఊళ్లకు ఊళ్లను బోర్డు మీదినుంచి చెరిపేసిన మనిషి క్యారేజీని గుండెలకు హత్తుకుని నిలబడితే పర్సరుకు కోపం రావాల్సింది. రాలేదు. తనూ ఉద్యోగం మారిన కొత్తలో యూనిఫాం వేసుకునే ఇంటినుంచి బయల్దేరేవాడు.

"మరి మిమ్మల్ని తీసేసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదేం సార్?"

"అలాంటివి అందరికీ తెలియజేసే సెక్షన్ ఒకటుండేది. దాన్ని నేనే తీసేశాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత దగ్గరగా ఉన్నప్పుడు ఇంకెక్కడా చూసే వీలు కూడా లేదు. పర్సరు నెమ్మదిగా తన ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇంధనానికి ఒక్క ఊ అనండి సార్. ఒక్కటంటే ఒక్కటి. జీవితంలో ఎప్పుడూ అనలేదు కదా, ఎలా ఉంటుందో చూడండి."

కత్తెర టై సర్దుకుని కంట్రోలు రూముకు ఫోన్ కలిపాడు. అద్దంలో చూసుకుని గొంతు గట్టి చేసుకున్నాడు. "నేను మాట్లాడుతున్నాను. ఇంధనం పంపండి" అన్నాడు. అవతల కంట్రోలమ్మ లేచి నిలబడ్డ చప్పుడు వినిపించింది.

మెకానిక్ వచ్చి ముసుగులు తీశాడు. ఇంధనం లారీ వచ్చింది. మంచు విచ్చుకుంటుండగా పర్సరు భార్య గేటు కంచె దగ్గరికి చేరి ఫోన్ చేసింది. "ఇల్లు ఇంకెవరికో ఇచ్చేశాడటండీ. దయ్యం ఏమైంది?"

"టై కట్టుకుని పదిహేడో వరసలో కూర్చుందే. దాన్ని వెంటబెట్టుకుని కొండ ఊరికి వెళ్లొస్తున్నాను. సాయంత్రానికి వస్తా."

అటువైపు ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఏ యంత్రంలోనూ రికార్డు కాలేదు. పర్సరు తలుపు వేసి, చొక్కా సర్దుకుని, నిండిన సీట్ల ఎదుట నిలబడ్డాడు. చక్రాలు నేలను వదిలినప్పుడు ఆయన కాళ్లు తమంతట తామే బరువు సరిచూసుకున్నాయి.

ఆ నెలలో ఒక్క సీటూ ఖాళీ లేకుండా వెళ్లిన విమానం అదొక్కటేనని ప్రధాన కార్యాలయం గుర్తించింది. ఊ అన్నదెవరని వాకబు చేసి, కత్తెరను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. కొండ ఊరు బోర్డు మీద నిలిచింది. పర్సరుకు గాల్లో పని తిరిగొచ్చింది. కానీ ఆగిన విమానాల కాపలా ఉద్యోగాన్ని కత్తెర మర్నాడే రద్దు చేశాడు.

"అదేంటి సార్?" అన్నాడు పర్సరు.

"కాపలా ఉండగానే ఎవడో లోపల దూరి వారం రోజులు నిద్రపోయాడయ్యా. అలాంటి కాపలా ఉండీ దండగే కదా" అన్నాడు కత్తెర.

ఆ దూరినవాడెవడో కనుక్కోవడానికి వేసిన విచారణ కత్తెర ఆధ్వర్యంలో ఇంకా సాగుతూనే ఉంది.