రెండో గడి లేని శాస్త్రం

అర్థశాస్త్రం శాస్త్రమేనా అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. శాస్త్రమేనా ఏమిటండీ! అసలు శాస్త్రమంటూ ఒకటుంటే అదొక్కటే. మిగతావన్నీ చేతిపనులు.

ఈ మాట దారినపోయే దానయ్య ఎవరో అంటున్నది కాదు. ఇరవై ఆరేళ్లుగా వాతావరణ కేంద్రంలో పనిచేస్తున్నవాణ్ణి అంటున్నాను. రేపు వాన పడుతుందా, పడదా అని రోజూ సాయంత్రం నాలుగింటికి బులెటిన్ రాయడం నా ఉద్యోగం. మర్నాడు పొద్దున్నే ఫోనులో తిట్లు తినడం కూడా నా ఉద్యోగమే. దానికి వేరే అలవెన్సు లేదు.

మా బావగారు, అంటే మా అక్క భర్త, అర్థశాస్త్రవేత్త. వచ్చే ఏడాది దేశం ఎలా ఉండబోతోందో చెప్పడం ఆయన ఉద్యోగం. పాతికేళ్లుగా చెబుతున్నారు. దేశం ఒక్కసారి కూడా ఆయన మాట విన్న పాపాన పోలేదు. అయినా ఇంతవరకూ ఆయన్ను తిడుతూ ఒక్క ఫోనైనా రాలేదు. ఇది నా మొదటి రుజువు.

మీరే ఆలోచించండి. భౌతికశాస్త్రం ఎంత పిరికిది! కష్టపడి ఒక సిద్ధాంతం తయారుచేసుకుంటారు. ఎక్కడో ఒక గదిలో ఒక ముల్లు అర గీత పక్కకు జరుగుతుంది. అంతే, సిద్ధాంతం మార్చేస్తారు! వెన్నెముక లేని మనుషులు. మా బావగారి శాస్త్రం అలాంటిది కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే మూడే కాళ్లు. నాలుగో కాలు కనబడితే అది కుందేలు తప్పు. దీన్ని కాఠిన్యం అనకపోతే ఇంకేమంటారు?

పైగా ఆ శాస్త్రానికి ఒక మంత్రం ఉంది. 'మిగతావన్నీ మారకుండా ఉంటే.' బావగారి జోస్యాలన్నీ ఈ మాటతోనే మొదలవుతాయి. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం అని మనవాళ్లు ఎగతాళి చేస్తారు గానీ, ఉద్యోగంలో చేరిన రోజే ఎవరైనా నాకు ఈ మంత్రం ఉపదేశించి ఉంటే నా జుట్టు ఇంకా నల్లగానే ఉండేది. మిగతావన్నీ మారకుండా ఉంటే రేపు వాన పడదు. మబ్బు వచ్చిందా? అదిగో, మారింది! ఇందులో నా తప్పేముంది?

బావగారి పుస్తకాల్లో ఒక మనిషి కూడా ఉంటాడు. అతనికి అన్ని కొట్లలో అన్ని ధరలూ తెలుసు. తొందరపడడు, మొహమాటపడడు, అప్పటికప్పుడు మనసు మార్చుకోడు. చెప్పు కరిస్తే, బాగా ఆలోచించి ఎంచుకున్న చెప్పే కదా అని సంతోషిస్తాడు. ఓ రోజు భోజనాల దగ్గర బావగారు ఈ మనిషి గురించి చెబుతుంటే అక్క సంచీలోంచి టమాటాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ మనిషెవరో ఒక్క పూట మనింటికి పంపండి, టమాటాలు ఏరుకొస్తాడు. మీరు తెచ్చినవి చూడండి, ముట్టుకుంటే రసం!"

బావగారు చూడలేదు. సిద్ధాంతంలో టమాటాలు గట్టిగానే ఉన్నాయి.

ఇక మా ఆఫీసు దౌర్భాగ్యం చెబుతాను, వినండి. మాకొక రిజిస్టర్ ఉంది. పేజీకి రెండు గడులు. మొదటిది 'చెప్పింది', రెండోది 'జరిగింది'. రెండూ కలిస్తే నల్ల సిరా. కలవకపోతే ఎర్ర సిరా. నా తప్పును నేనే, నా చేత్తోనే, ఎర్రగా రాసి కింద సంతకం పెట్టాలి. ఆ పూటంతా పాత పటాలు ముందేసుకుని ఎక్కడ పొరబడ్డానో వెతుక్కోవాలి. లోకంలో ఏ దొంగైనా తన దొంగతనాలకు ఇంత శుభ్రంగా రిజిస్టర్ రాసుకుంటాడా?

పోయిన నెల ఆ రిజిస్టరే మా కొంప ముంచింది.

ఏ ఆఫీసులు ఉంచాలో, ఏవి మూసేయాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షులు మా బావగారే. బంధుత్వం అడ్డు రాదా అని అడిగితే, "మా శాస్త్రంలో బంధువులు ఉండరోయ్" అన్నారు. అన్న మాట నిలబెట్టుకున్నారు కూడా. మా కేంద్రానికి వచ్చి, కుర్చీలో కూర్చుని, వేలు తడి చేసుకుంటూ రిజిస్టర్ తిరగేసి, ఎర్ర గీతలన్నీ లెక్కపెట్టారు.

"ఏడాదిలో నలభై ఒక్కసార్లు తప్పు చెప్పావటోయ్!"

"మూడు వందల ఇరవై నాలుగు సార్లు సరిగ్గా చెప్పాను బావగారూ."

"సరిగ్గా చెప్పడం నీ డ్యూటీ. అది లెక్కలోకి రాదు."

"మీ రిజిస్టర్ కూడా ఓసారి చూపిస్తారా?"

"నాకెందుకోయ్ రిజిస్టర్?" అన్నారు ఆశ్చర్యపోతూ. నిజమే! తప్పులు లేని మనిషి ఎక్కడని రాసుకుంటారు, ఏమని రాసుకుంటారు?

రిపోర్టు వచ్చింది. నెలాఖరుకు మా కేంద్రానికి తాళం. నా సంగతి అలా ఉంచండి. రోజూ ఎనిమిదింటికి వర్షమాపకం దగ్గరికి వెళ్లి నీళ్లు కొలిచే ఆవిడ ఒకరున్నారు మా దగ్గర. పంతొమ్మిదేళ్లుగా ఒక్క రోజు మానలేదు. ఆవిణ్ణి మేమంతా కొలతలావిడ అంటాం. రిపోర్టు చదివి, కళ్లజోడు తుడుచుకుని, "ఇవాళ పద్నాలుగు మిల్లీమీటర్లు సార్" అని మాత్రం అన్నారు.

అప్పుడు నేనొక నిర్ణయానికి వచ్చాను. కేంద్రం బతకాలంటే వాతావరణాన్ని కూడా గట్టి శాస్త్రంగా మార్చాలి!

మొదటి రోజు కుండపోత. నా బులెటిన్: 'వానను మినహాయిస్తే ఇవాళ రోజంతా పొడిగా ఉంది.' ఇది నా సొంత తెలివి కాదు. పెరిగినవాటిని మినహాయిస్తే ధరలేవీ పెరగలేదని బావగారు రాసిన వ్యాసంలోంచి నేర్చుకున్నాను.

రెండో రోజు గాలికి ఒక షెడ్డు పైకప్పు లేచి పక్కవీధిలో పడింది. నా బులెటిన్: 'పైకప్పుల మొత్తం సంఖ్యలో మార్పు లేదు. వాటి కదలిక ఉత్సాహకరంగా ఉంది.'

మూడో రోజు లాండ్రీ ఆవిడ ఆఫీసుకే వచ్చేసింది.

"ఎండ కాస్తుందన్నారు కదా సార్! దుప్పట్లన్నీ తడిసి ముద్దయ్యాయి."

"ఎండ కాస్తూనే ఉందమ్మా, మబ్బుల పైన. కిందికి దిగి రావడానికి కొంత టైము పడుతుంది."

"ఎంత టైము?"

"దీర్ఘకాలంలో వచ్చేస్తుంది."

"అవి ఆస్పత్రి దుప్పట్లు సార్. సాయంత్రానికి కావాలి!"

ఆవిడకు అర్థశాస్త్రం తెలియదు. ఏం చేస్తాం?

వారం గడిచింది. ఒక్క ఎర్ర గీత లేదు! మొదటి గడిలో ఏమీ చెప్పకపోతే రెండో గడిలో ఏం జరిగినా సరిపోతుంది కదండీ. 'మీ బులెటిన్ల నాణ్యత గణనీయంగా మెరుగుపడింది' అని పై ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. తిట్ల ఫోన్లు ఆగిపోయాయి. తర్వాత తెలిసింది, మామూలు ఫోన్లు కూడా ఆగిపోయాయి. కొలతలావిడ రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టి, "నిన్న పడ్డ వాన ఎక్కడ రాయమంటారు సార్?" అని అడిగారు. ఆ వారమంతా నాకు తిండి సహించలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

ఎనిమిదో రోజు ఫోను మోగింది. బావగారు!

"ఏమోయ్, మేడ మీద గది కడుతున్నాం కదా, రేపు స్లాబ్ వేస్తున్నాం. వాన పడుతుందా?"

"మిగతావన్నీ మారకుండా ఉంటే బావగారూ..."

"ఆ సొల్లు నా దగ్గర చెప్పకు! పడుతుందా, పడదా?"

పాతికేళ్లలో ఆయన నోట విన్న మొట్టమొదటి శాస్త్రీయమైన ప్రశ్న అది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బారోమీటర్ చూశాను. బయటికి వెళ్లి గాలి చూశాను. తిరిగొచ్చి చెప్పాను.

"పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి. రేపు వేయొద్దు."

మర్నాడు మూడయింది. నాలుగయింది. ఆకాశంలో చేతిరుమాలంత మబ్బు కూడా లేదు! నేను బావగారింటికి వెళ్లేసరికి సెంట్రింగ్ అంతా సిద్ధంగా ఉంది, మేస్త్రీ తన మనుషులతో ఇసక కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. ఒక రోజు పని పోయింది, నా మూలంగా.

"మేస్త్రీ, నేను చెప్పింది తప్పు. గాలి దిక్కు మార్చుకుంది. నేను పట్టుకోలేకపోయాను."

నడివీధిలో చొక్కా విప్పినవాణ్ణి చూసినట్టు చూశారు బావగారు. అక్క నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

"చూశావా, నీ ఆఫీసు మూసేయమని ఎందుకన్నానో!" అన్నారు ఆయన.

మేస్త్రీ లేచి ఇసక దులుపుకున్నాడు. "పోనివ్వండి సార్. ఆ గాలి ఎటు పోయింది మరి? రేపటి సంగతి చెప్పండి" అని నన్ను అడిగాడు.

బావగారికి పౌరుషం వచ్చింది. "ఇల్లు నాది! నన్నడగవేమయ్యా?"

"మీరూ చెప్పండి సార్."

బావగారు గొంతు సవరించుకున్నారు. వేయడంలో అవకాశం ఉందన్నారు. ఆగడంలోనూ లాభం లేకపోలేదన్నారు. మొత్తం మీద జాగ్రత్తతో కూడిన ఆశాభావం మంచిదన్నారు. మేస్త్రీ చేతులు కట్టుకుని చివరిదాకా మర్యాదగా విన్నాడు. చెవి మీది పెన్సిలు తీశాడు. నా వైపు తిరిగాడు.

"అంటే వేయాలా, వద్దా సార్?"

"ఆరింటికి మొదలుపెట్టు. పదకొండుకల్లా ముగించు. టార్పాలిన్ పట్టాలు దగ్గర పెట్టుకో. రెండు దాటితే వాన."

రెండూ ఇరవైకి వాన వచ్చింది. అప్పటికి స్లాబ్ పట్టాల కింద క్షేమంగా ఉంది. ఆఫీసులో కొలతలావిడ రిజిస్టర్ తెరిచి పట్టుకున్నారు. ముందు రోజుది ఎర్రగా, ఆ రోజుది నల్లగా రాసి రెండింటికీ సంతకం పెట్టాను. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

బావగారు ఫోన్ చేసి, "నేను చెప్పలేదూ!" అన్నారు. నిజమే, చెప్పారు. రెండు రోజులకూ సరిపోయేలా చెప్పారు. ఎర్ర చుక్క లేకుండా గెలిచినవారు ఆయనే. ఇంతకన్నా గట్టి శాస్త్రం ఎక్కడుందో చూపించండి!

కమిటీ నిర్ణయం మారలేదు. మారితే అది శాస్త్రం ఎలా అవుతుంది? నెలాఖరుకు తాళం. మాకిక పనికిరాదు కదా అని ఒక ఖాళీ రిజిస్టర్ బావగారికి బహుమతిగా ఇచ్చాను, రెండు గడులు గీసి మరీ. ఎలా వాడుతున్నారని అక్కను అడిగాను. మొదటి గడి అప్పుడే నిండిపోయిందట. చోటు వృథా కాకూడదని, రెండో గడిలో కూడా కొత్త జోస్యాలే రాసుకుంటున్నారట.

ఒకటో తారీఖు నుంచి ఎవరికి ఫోన్ చేయాలి సార్ అని మేస్త్రీ అడిగాడు. బావగారి నంబరు ఇచ్చాను. ఇంకెవరి నంబరు ఇవ్వను?

పాఠకులకు మాత్రం ఒక చిన్న మనవి. వచ్చే నెల నుంచి మీ వీధిలో ఎక్కడైనా కొత్త స్లాబ్ కనిపిస్తే, దీర్ఘకాలంలో అది గట్టిపడుతుంది, అనుమానం వద్దు. ఈలోగా మీరు గానీ, మీ పిల్లలు గానీ దాని కింద నిలబడకండి.