మైనస్ నలభై ఒక్క యూనిట్ల నిరుపేద

పేదరికం పోవాలంటే భూములు పంచాలి, కూలి రేట్లు పెంచాలి అని మన పెద్దలు ఇన్నేళ్ళూ గొంతు చించుకున్నారు. పాపం, వాళ్ళ దగ్గర డేటా లేదు! డేటా అంటూ ఉంటే గజం నేల పంచకుండా, పైసా కూలి పెంచకుండా అసమానతను సాయంత్రం టీ వేళకల్లా మాయం చేయవచ్చు. నమ్మరా? అయితే పూతలపట్టు దాటి కాస్త లోపలికి, మామిడిమిట్టకు రండి.

ఆ ఊళ్ళో మునిశేఖర్ అని సర్వే ఉద్యోగి ఉన్నాడు. తిరుపతిలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదివినవాడు. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నా, పాయసం రెండోసారి అడిగినవాళ్ళు ఎంత శాతమో చూసుకోకపోతే అతనికి ముద్ద దిగదు. అలాంటివాడి చేతికి పైఆఫీసు ఒక ట్యాబ్ ఇచ్చి 'సమతా దర్పణం' అనే పథకం అప్పజెప్పింది.

పథకం బంగారంలాంటిది. ఎవరు ఉన్నవాళ్ళో, ఎవరు లేనివాళ్ళో కరెంటు వాడకమే చెబుతుంది. నెలకు మూడు వందల యూనిట్లు దాటితే ధనికులు, వాళ్ళ బియ్యం కార్డు రద్దు. దాటకపోతే పేదలు. ఎవరి గడపా తొక్కక్కర్లేదు, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. మీటరు నంబరు కొడితే చాలు!

మరి ఏ నెల లెక్క చూడాలి? ఇక్కడే పైఆఫీసు బుర్రకు దండం పెట్టాలి. మే నెల! ఎండలకు ఏసీలు ఆన్ అవుతాయి, దాక్కున్న ధనికులంతా బయటపడతారు. ఆ ఆదేశం చదివి మునిశేఖర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

జులైలో జాబితా వచ్చింది. మామిడిమిట్టలో అందరికంటే ధనవంతురాలు అక్కమ్మ. ఆరు వందల పదిహేడు యూనిట్లు!

అక్కమ్మ ఎవరనుకున్నారు? గంగమ్మ గుడి పక్కన రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలామె. మామిడికాయల కాలంలో పల్ప్ ఫ్యాక్టరీలో టెంకలు తీస్తుంది, మిగతా రోజుల్లో కూలికి పోతుంది. ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను కూడా కట్టెపుల్లతో ఒక తోపు తోస్తే తప్ప కదలదు.

ఇక ఊళ్ళో అందరికంటే నిరుపేద? ఆ పల్ప్ ఫ్యాక్టరీ యజమాని, కల్యాణమండపం ఓనరు, అదే వీధి చివర ఐదు ఏసీల ఇంటి ఆసామి బాలసుబ్రమణ్యం. ఆయన వాడకం మైనస్ నలభై ఒక్క యూనిట్లు. మేడ మీద, కారు షెడ్డు మీద, ఆఖరికి కుక్కల గది మీద కూడా సోలార్ పలకలు పరిచాడు. మే నెల ఎండకు ఏసీలన్నీ తిరిగాక కూడా ఇంకా మిగిలిన కరెంటు లైనులోకే ఎదురు పోయి లెక్క మైనస్‌లో పడింది. సున్నా వాడినవాడే పేదవాడైతే, సున్నాకు కిందికి దిగిపోయినవాడి గతేమిటి? తలచుకుంటేనే కడుపు తరుక్కుపోవడం లేదూ!

మరి ఫ్యాక్టరీ వాడే కరెంటో అంటారా? అది కంపెనీ పేరు మీద ఉంది. కంపెనీకి కడుపు లేదు, కాబట్టి బియ్యం కార్డు లేదు, కాబట్టి సర్వేలో లేదు. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళ తోతాపురి మామిడికాయకు ఆయన చెప్పిందే ధర. కాదంటే ట్రాక్టర్లు గేటు ముందు మూడు రోజులు నిలబడి కాయ కుళ్ళిపోతుంది. ఆ అధికారాన్ని కొలిచే మీటరును ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టినా బిగించడానికి ఆయన గేటు తీయాలి కదా!

జాబితా చూసిన మునిశేఖర్‌కు మాత్రం ఈసారి చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. ఆరు వందల పదిహేడు యూనిట్లు ఎక్కడివో ఆ ఊళ్ళో అందరికంటే బాగా తెలిసింది అతనికే. ఏటా మేలో గంగమ్మ జాతరకు సీరియల్ లైట్లు, మైకుసెట్టు, ఆర్కెస్ట్రా, అన్నిటికీ కరెంటు లాగేది అక్కమ్మ మీటరు నుంచే. గుడికి ఆనుకున్న ఇల్లు కాబట్టి వాళ్ళ అత్తగారి కాలం నుంచి అదే ఆచారం. అమ్మవారికి వెలుగు తన ఇంటి నుంచి పోతుందని ఆమెకు గొప్ప. బిల్లు జాతర కమిటీ కడుతుంది. యూనిట్లు మాత్రం ఆమె పేరునే పడతాయి. పోయిన మేలో నిచ్చెనెక్కి ఆ వైరు తగిలించింది జాతర కమిటీ కుర్రకారులో ఒకడైన మునిశేఖరే.

ఆ సాయంత్రమే అక్కమ్మ అతని ఇంటికొచ్చింది. "ఏం శేఖరా, నా కార్డు కొట్టేసినారంట?"

"నేను కాదత్తా, డేటా కొట్టేసింది."

"డేటా రాసిందెవురు?"

"...నేనే."

"వైరు కట్టిందెవురు?"

మునిశేఖర్ ట్యాబ్ బోర్లించాడు. "నువ్వే కట్టి, నువ్వే రాసినావు. మద్దెలో నేనెప్పుడు ధనవంతురాలినైతినో రోంత చెప్పు నాయనా, ఒక పూటన్నా ఆ సుఖం చూస్తాను" అని ఆమె లేచి వెళ్ళిపోయింది. అతనికి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఉద్యోగానికి కొత్త, ఇంకా అలవాటు పడలేదు.

పొద్దున్నే పైఆఫీసులో ధర్మేంద్ర సారుకు ఫోన్ చేసి జాతర సంగతంతా చెప్పాడు. ఒకసారి వచ్చి ఆ ఇల్లు చూడమని బతిమాలాడు.

"ఇల్లు చూస్తే మనసు కరుగుతుందయ్యా. మనసు కరిగితే డేటా చెడిపోతుంది" అన్నారు సారు. ఎంత లోతైన మాట! "అయినా నీ బాధేమిటి? ఆమెది ఆరు వందల పదిహేడు, ఆయనది మైనస్ నలభై ఒకటి. ఇద్దరికీ సగటు తియ్యి."

మునిశేఖర్ తీశాడు. రెండు వందల ఎనభై ఎనిమిది.

"చూశావా, మూడు వందల లోపే! మీ వీధిలో ధనికుడూ లేడు, పేదా లేడు. అసమానత సున్నా. ఈ నెల రిపోర్టులో మీ ఊరే ఫస్టు" అని సారు అభినందించి ఫోన్ పెట్టేశారు. మరి సగటు బాగుంది కాబట్టి అక్కమ్మ కార్డు తిరిగి ఇచ్చారా అని అడక్కండి. సగటు వీధికి, కార్డు మనిషికి. రెంటినీ కలపకూడదు.

బాలసుబ్రమణ్యం ఇంటికి మాత్రం కార్డు నడుచుకుంటూ వచ్చింది. సర్కారు ప్రేమగా ఇస్తుంటే కాదనడం మర్యాద కాదనుకున్నాడు. వేలిముద్ర అడిగితే ఉంగరం లేని వేలు ఎక్కడుందా అని వెతికి బొటనవేలు ఇచ్చాడు. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసి, ఆ బియ్యంలోనే పది కిలోలు అక్కమ్మకు దానం చేసి, శాలువా కప్పి ఫోటో దిగాడు. ఫోటోలో ఆమె నవ్వలేదు. "నా బియ్యం నాకిచ్చేదానికి శాలువా ఎందుకప్పా?" అని ఆమె అడిగింది నిజమే గాని, ఫోటోలో మాటలు రావు కదా!

మళ్ళీ మే వచ్చింది. వైరు చుట్ట భుజాన వేసుకుని మునిశేఖర్ గుడి దగ్గరికి వచ్చాడు. ఈసారి అక్కమ్మ గుమ్మానికి పోలేదు. మొహం చెల్లలేదు. నేరుగా బాలసుబ్రమణ్యం ఇంటికి వెళ్ళాడు. ఎలాగూ ఆయన కరెంటు మిగిలిపోయి లైనులోకే పోతోంది, మూడు రోజులు అమ్మవారికి ఇస్తే ఏం పోతుంది?

బాలసుబ్రమణ్యం రెండు చేతులూ జోడించాడు. "అమ్మవారికి కాదనగలనా అబ్బా! కానీ నా మీటరు ప్లస్సులోకి పోతాదే. మూడు వందలు దాటిందనుకో, కార్డు పోతాది గదా. పేదోళ్ళ కష్టం నీకు తెలీదా?" అన్నాడు. మునిశేఖర్ వెనక్కి తిరిగేలోపే గేటు పడింది.

మునిశేఖర్ రేకుల ఇంటి ముందు నిలబడ్డాడు. అక్కమ్మ అతని భుజం మీది వైరు చూసింది, ఇంకా వెలగని గుడి వైపు చూసింది.

"ఏమన్నాడాయప్ప?"

"కార్డు పోతాదంట అత్తా."

ఆమె నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది. "నాకింక పోయేదేముండాది, కట్టుకో."

అతను నిచ్చెనెక్కాడు. గంగమ్మ గుడి వెలిగింది, మైకు మోగింది, మీటరు తిరగసాగింది. మే నెల లెక్క కోసం పైఆఫీసులో ధర్మేంద్ర సారు స్క్రీన్ ముందు సిద్ధంగా ఉన్నారు. ఈ ఏడు కూడా మామిడిమిట్టలో అందరికంటే ధనవంతురాలు అక్కమ్మే!