అడవికి ఆర్కుట్ కాపలా

అడవిని కాపాడాలంటే అడవిలోకి వెళ్లాలని మీకెవరు చెప్పారండీ? పాత కాలపు మాట! ఇది రెండువేల ఎనిమిది. పుత్తూరు పక్కన మా తేనెపట్టుకోన అభయారణ్యాన్ని అటవీ అధికారి ధర్మేంద్ర గారు ఇంటర్నెట్ సెంటర్‌లో ఫ్యాన్ కింద కూర్చుని కాపాడుతున్నారు. ఆ మహానుభావుణ్ని మెచ్చుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పద్ధతి చాలా సులువు. కోనలో జలపాతం ఉంది. అక్కడికి వెళ్లిన కుర్రవాడు ఫొటో దిగకుండా రాడు. దిగిన ఫొటో ఆర్కుట్‌లో పెట్టకుండా నిద్రపోడు. ఇంకేం, కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, ఎవరొచ్చారో, ఏం తొడుక్కున్నారో, ఏం తాగారో సమస్తం తెలిసిపోతుంది! ఇక బూట్లకు బురదెందుకు? పాములతో తగువెందుకు?

అయితే ఈ మధ్య సారుకు ఒక ఘోరం కనబడింది. కోన ఫొటోల్లో సగం మందికి చెయ్యో కాలో విరిగి కట్టు కట్టి ఉంది! వెనక జలపాతం, ముందు కట్టు. ఇంకేం సాక్ష్యం కావాలి? బండల మీద జారి జనం ఎముకలు విరగ్గొట్టుకుంటున్నారని సారు తేల్చేశారు. మర్నాడే కోన గేటుకు తాళం పడింది.

అసలు సంగతి మా ఊళ్లో ఏ పసిపిల్లను అడిగినా చెబుతుంది. ఎముక విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పుత్తూరు కట్టు కోసం వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడతారు. అది ఆరేదాకా పాపం వాళ్లేం చేస్తారు? ఎదురుగా ఉన్న గిరి ఫొటో స్టూడియోలో దూరతారు. గిరి తన తెర మీద తేనెపట్టుకోన జలపాతాన్ని పెయింట్ చేయించాడు. చెయ్యి దక్కిందని ఇంట్లోవాళ్లకు చూపించుకోవడానికి ఆ తెర ముందు ఒక ఫొటో. దాన్నే గిరి ‘తేనెపట్టుకోన అందాలు’ అని ఆర్కుట్‌లో పెడతాడు. వ్యాపారం వ్యాపారమే గదా!

ఈ మాట నేను సారు చెవిన వేశాను. స్టూడియోలో అన్ని నీళ్లు ఎలా పడతాయని నన్నే కోప్పడ్డారు.

ఇందులో నష్టపోయిందెవరు? ఒక్క దేవకమ్మ! గేటు దగ్గర గంప పెట్టుకుని ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముకునే మనిషి. జనం రాకపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. తాళం తీయించమని నన్ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి వెళ్లింది. కోనలో కాలు జారి పడినవాణ్ని ఇన్నేళ్లలో ఒక్కణ్ని చూడలేదని మొత్తుకుంది. నువ్వు ఆర్కుట్‌లో ఉన్నావా అమ్మా అని సారు అడిగారు.

"ల్యా సార్. నేను ఉండేది కోనకాడ. మీరొచ్చి సూస్తే కనపడతాను."

ఆర్కుట్‌లో లేని మనిషి సాక్ష్యం చెల్లదని సారు ఓపిగ్గా వివరించారు. పోనీ, కాళ్లూ చేతులూ బాగున్న సందర్శకుల ఫొటోలు కనబడితే గేటు తెరిపిస్తానని మాట కూడా ఇచ్చారు. తాళం వేసిన కోనలో సందర్శకులు ఫొటో ఎలా దిగుతారని మీరు అడగబోతున్నారు. ఇలాంటి అడ్డదిడ్డం ప్రశ్నల వల్లే మన దేశం బాగుపడటం లేదు!

అయినా కోన మరీ నిర్మానుష్యమేం కాదు లెండి. ఎర్రచందనం కొట్టేవాళ్లు గొడ్డళ్లు తీసుకుని వెనకదారిన వెళుతూనే ఉన్నారు. లారీలు దుంగలతో దిగుతూనే ఉన్నాయి. గేటు దగ్గర జనం తిరిగే రోజుల్లో వాళ్లు కాస్త జంకేవాళ్లు, ఇప్పుడా బాధ లేదు. సారు పాపం ఆర్కుట్ అంతా గాలించారు. గొడ్డలి పట్టుకున్న ఫొటో ఒక్కటీ దొరకలేదు! కోనలో దొంగలనేవాళ్లే లేరని పైఆఫీసుకు సంతోషంగా రాసి పంపారు.

కాబట్టి ఎర్రచందనం సోదరులారా, మీకే నా మనవి. దేవుడి దయ వల్ల మీ కాళ్లూ చేతులూ బ్రహ్మాండంగా ఉన్నాయి. దుంగ భుజానికెత్తుకునే ముందు జలపాతం కింద నిలబడి, నవ్వుతూ ఒక్క ఫొటో దిగి ఆర్కుట్‌లో పెట్టండి నాయనా. సారు మిమ్మల్ని సందర్శకుల లెక్కలో వేసుకుని గేటు తెరిపిస్తారు. మీకూ ముళ్లదారి తిప్పలు తప్పుతాయి. దర్జాగా ముందు గేటు నుంచే వచ్చి, దేవకమ్మ దగ్గర చెనిక్కాయలు కొనుక్కుని వెళ్లండి. ఇప్పుడు మా అడవికి వచ్చేది మీరే గదా.